తాళాలు పడిన దారిలో ఓడెట్

షెతికాంప్ రేవు నుంచి దక్షిణంగా సముద్రం ఒడ్డునే సాగే రోడ్డు మీద ఓడెట్ లరాడ్ కారుని గుర్తుపట్టని కుక్క ఉండేది కాదు. అక్కడ టపా పెట్టెలన్నీ రోడ్డుకి కుడిపక్కన ఉంటాయి, స్టీరింగేమో కారుకి ఎడమపక్కన. అందుకని ఆవిడ కుడిపక్క సీట్లోనే కూచుని, ఎడమ కాలు చాచి బ్రేకు మీద వేసి, ఎడమ చేత్తో స్టీరింగు తిప్పుతూ, కుడి చేత్తో కిటికీలోంచి ఒక్కొక్క పెట్టెలో ఉత్తరాలు వేసుకుంటూ పోయేది. ఇరవై ఏళ్ళ పైచిలుకు అలా నడిపి నడిపి నడుం ఒక పక్కకి ఒరిగిపోయిందని భర్త రెమీ ఎగతాళి చేసేవాడు.

ఎవరింటి పెట్టె ఎక్కడుందో, ఎవరికి ఏ పత్రిక వస్తుందో ఆవిడకి కంఠతా వచ్చు. ఇది ఊరందరికీ తెలిసిన సంగతి. ఊరికి తెలియనిది ఇంకొకటుంది. ఏ మలుపు నుంచి ఏ మరుగుదొడ్డి ఎంత దూరమో కూడా ఆవిడకి అంత బాగానూ తెలుసు. పెట్రోలు బంకులోది, స్టెల్లా రొట్టెల కొట్లోది, చర్చి హాల్లోది, బడి పక్కన లైబ్రరీలోది. ఆ నాలుగింటినీ ఆనుకునే ఆవిడ ఉద్యోగం నడిచేది.

ముప్పై ఏళ్ళ వయసులో పట్టుకుంది ఆ జబ్బు. క్రోన్స్ అంటారు. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఎందుకో పొరబడి సొంత పేగుల మీదికి తిరుగుతుంది. మెలిపెట్టే నొప్పి, రక్తం, లేచి నిలబడనివ్వని నీరసం, అన్నిటినీ మించి, వచ్చిందంటే ఆగనివ్వని తొందర. మొదట్లో రెండుసార్లు ఆసుపత్రి పాలైంది. ఆ తరవాత రెండు నెలలకోసారి సెలైన్‌లాగా చేతికి ఎక్కించే మందు ఒకటి వచ్చి ఆవిణ్ణి మళ్ళీ మనిషిని చేసింది. ఇన్వర్నెస్‌లో క్లినిక్‌కి వెళ్ళి, కుర్చీలో కూచుని, నర్సు గ్లెండాతో కబుర్లాడుతూ మందు ఎక్కించుకుని వచ్చేది. జబ్బు సంగతి రెమీకి తెలుసు, గ్లెండాకి తెలుసు. మిగతా ప్రపంచానికి ఓడెట్ చెప్పింది ఒకటే మాట: తను టీ ఎక్కువ తాగుతుందని.

"నీ టీ కోసం నేనింకో మరుగుదొడ్డి కట్టించాలే," అనేది స్టెల్లా, ఆవిడ కొట్లోకి పరుగున వచ్చినప్పుడల్లా.

ఆ ఏడాది మార్చిలో మొదట పండగ ఆగిపోయింది. ఈస్టర్ ముందరి నలభై రోజుల ఉపవాసాల నడుమ వారంలో ముసుగులు తొడుక్కుని ఇంటింటికీ తిరగడం, లోపలున్నది ఎవరో ఇంటివాళ్ళు కనిపెట్టలేక నవ్వుకోవడం అక్కడివాళ్ళకి తాతల నాటి సరదా. వైరస్ వస్తోంది, ఎవరూ ఎవరింటికీ వెళ్ళొద్దన్నారు. తరవాత బడి మూశారు, చర్చి మూశారు. టపా మాత్రం ఆగలేదు. ఆగకపోగా పండగల రోజుల్లో కన్నా ఎక్కువైంది, కొట్లు మూతపడ్డాక జనమంతా ఇంట్లో కూచుని ఫోన్లోనే అన్నీ కొనడం మొదలుపెట్టారు మరి.

మరుగుదొడ్లు కూడా మూసేశారు. బంకు తలుపుకి కాగితం అంటించారు. స్టెల్లా కొట్టు కిటికీలోంచి రొట్టెలు అమ్ముతోంది, లోపలికి ఎవర్నీ రానివ్వకూడదని హుకుం. చర్చి హాలుకీ లైబ్రరీకీ తాళాలు. పేపర్లో ఎవరూ రాయలేదు గాని, ఓడెట్‌కి ఆ వసంతంలో జరిగినవాటన్నిటిలోకీ పెద్ద సంగతి అదే.

అయినా మందు పనిచేస్తున్నన్నాళ్ళు ఫరవాలేకపోయేది. అసలు భయం వేరే చోటినుంచి వచ్చింది. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలని రోజూ రేడియోలో చెబుతుంటే, ఆ మాట తనని పేరుపెట్టి పిలిచినట్టే వినపడేది. తన మందు చేసే పని అదేగా! శత్రువు గుమ్మం దాకా వస్తుంటే తాళం తీసి పెట్టుకోవడం కాదూ? పైగా ఆ క్లినిక్ ఉన్నది ఆసుపత్రిలోనే. జబ్బు మనుషులందరూ చేరే చోటు.

ఏప్రిల్ మొదట్లో ఇన్వర్నెస్ వెళ్ళాల్సిన రోజు ఓడెట్ క్లినిక్‌కి ఫోన్ చేసి జలుబు చేసిందని చెప్పింది. ఆ రోజుల్లో జలుబన్న మాటకి ఏ తలుపైనా టక్కున మూసుకునేది. సాయంత్రం రెమీ అడిగితే "అయింది, బాగానే అయింది," అంది. అబద్ధం ఇంత సులువుగా వస్తుందనుకోలేదు తను.

కొన్నాళ్ళు ఏమీ కాలేదు. ఏమీ కాకపోయేసరికి తను చేసిందే తెలివైన పని అనిపించింది. ఆ పైన మెల్లిగా పొద్దుటిపూట నొప్పి మొదలైంది. తరవాత రక్తం కనపడింది. ఏది తిన్నా పడడంలేదని పనిరోజుల్లో తినడమే మానేసింది. ఇంటికొచ్చాక ఉడికించిన బంగాళాదుంపా, పల్చటి టీ. రెమీ పడవకి రంగులు వేసుకుంటూ, లాబ్‌స్టర్ల వేట కాలానికి బోనులు బాగుచేసుకుంటూ పొద్దంతా రేవులోనే ఉండేవాడు. చిక్కిపోయావేమిటంటే, పార్సిళ్ళు మొయ్యలేక చస్తున్నానని చెప్పేది.

ఆగ్నేయం నుంచి కొండ మీదుగా దిగే గాలి ఒకటుంది ఆ తీరానికి. ఇళ్ళ పైకప్పులు లేపుకుపోతుంది. అలాంటి గాలి రేగిన రోజే ఓడెట్‌కి ముంచుకొచ్చింది. బంకు దాటాక కడుపులో కత్తి తిప్పినట్టయింది. చర్చి హాలు దగ్గర ఆపి, తాళం ఉందని తెలిసీ తలుపు లాగి చూసింది. మళ్ళీ కారెక్కి టెర్ నువార్ పల్లె దాకా పళ్ళు బిగపట్టుకుని వచ్చింది. ఇక లాభంలేదనుకున్న చోట థాడే ఇంటి సందు వచ్చింది.

ఆ తీరంలో సగంమందికి ఇంటిపేరు ఒకటే. అందుకని మనిషిని తాతతోనూ తండ్రితోనూ కలిపి చెప్పుకుంటారు. ఈయన శార్ల్ మనవడు, పోలిట్ కొడుకు, థాడే. ఎనభై దాటిన ముసలాయన. ఒకప్పుడు పడవలు చేసేవాడు. భార్య డెలిమా పోయాక పేపరు తడిసిందనీ, వంకరగా వేశావనీ ఓడెట్‌తో తగువు పెట్టుకోవడమే ఆయనకి కాలక్షేపం. వరసకి బాబాయి అవుతాడు. కిందటి వారమే వరండాలోంచి అరిచాడు: "ముసుగులొద్దని పండగ ఆపేశారు, నెల తిరక్కుండా ముసుగు లేకుండా రావద్దంటున్నారు. వీళ్ళకేం కావాలో వీళ్ళకే తెలీదు పిల్లా!"

ఓడెట్ హారన్ మీద చెయ్యి తియ్యకుండా పెరట్లోకి పోనిచ్చింది. ముసలాయన తలుపు తీసి బయటికొచ్చాడు.

"ఏంటే, ఎక్కడన్నా అగ్గి పుట్టిందా?"

"బాబాయ్, ఇంట్లోకి రాకూడదుగా, మీ వెనక పాత మరుగుదొడ్డి తలుపు తీసుందా?"

"దాంట్లో తాళ్ళూ బుడగలూ పెట్టాను. ఎందుకు?"

"ఎందుకో అడక్కండి!"

ఆయన ఆవిడ మొహం చూశాడు. "గొళ్ళెం పైకెత్తి లాగు! గట్టిగా లాగాలి!" అని గాలికి అడ్డంగా కేకేశాడు.

గొళ్ళెం ఎత్తింది. గాలి తలుపుని వెనక్కి నొక్కేస్తోంది. రెండు చేతులతో లాగితే తెరుచుకుని, లోపల్నుంచి పడవ తాళ్ళూ, బోనుల గుర్తుకి నీళ్ళ మీద తేలేసే రంగురంగుల చెక్క బుడగలూ కాళ్ళ మీదికి దొర్లాయి. వాటిని తన్నుకుంటూ లోపలికి పోయింది. చేరడం చేరింది గాని, కొంచెం ఆలస్యంగా చేరింది.

ఆ చెక్కగదిలో పాత తాళ్ళ మధ్య కూచుని ఓడెట్ ఏడ్చింది. యాభై ఏళ్ళ మనిషి, ఊరందరికీ తెలిసిన మనిషి. బయటికెలా రావడం? వచ్చి ఏ మొహంతో కారెక్కడం? ఎంతసేపు అలా ఉండిపోయిందో, బయట బకెట్టు చప్పుడైంది.

"అమ్మాయ్, మెట్టు మీద వేన్నీళ్ళు పెట్టాను. తువ్వాలుంది, సబ్బుంది. మా డెలిమా ప్యాంటొకటి పెట్టాను. ఆవిడ నీకు రెండింతలుండేది, తాడు కట్టుకో. తాళ్ళకేం కొదవలేదుగా అక్కడ. నేను అటు తిరిగి కూచుంటాను. ఇటు తిరిగినా ఒకటేలే, నా కళ్ళు కనపడి చచ్చాయా?"

బట్టలు మార్చుకుని బయటికొచ్చేసరికి ఆయన నిజంగానే వెనక వరండాలో వీపు ఇటు పెట్టి, సముద్రం కేసి చూస్తూ, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు గట్టిగా చెబుతున్నాడు. "పోయినేడు ఇదే గాలికి లూసియెన్ కోళ్ళగూడు ఎగిరిపోయింది. కోళ్ళతో సహా. ఒక్క పుంజు మాత్రం తిరిగొచ్చింది, అది కూడా మూడో రోజుకి. ఎక్కడెక్కడ తిరిగిందో ఎవరికీ చెప్పలేదు."

ఓడెట్‌కి ఏడుపులోనే నవ్వొచ్చింది.

"తిరగొచ్చా?" అన్నాడాయన.

"తిరగండి."

"ఆ మాయదారి వైరసేనా? అదైతే చెప్పు, బకెట్టు తగలేస్తాను."

"కాదు బాబాయ్. పేగుల జబ్బు. అంటుకోదు. ఇరవై ఏళ్ళనుంచీ ఉంది."

"ఇరవై ఏళ్ళా! నా పేపరు వంకరగా వేస్తుంటే బద్ధకం అనుకున్నానే ఇన్నాళ్ళూ."

"అది బద్ధకమే బాబాయ్."

ఆయన పెద్దగా నవ్వాడు, ఆ నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గగానే ఇద్దరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు.

"దీనికి మందు లేదా?"

"ఉంది."

"పనిచెయ్యదా?"

"చేస్తుంది."

"మరింకేం?"

ఇన్ని వారాలుగా ఓడెట్ తనకి తను చెప్పుకున్న జవాబుల్లో డెలిమా ప్యాంటుకి తాడు కట్టుకుని ఆ పెరట్లో నిలబడ్డాక ఒక్కటీ నోటికి రాలేదు.

మిగిలిన టపా పంచి, గ్రాండ్ ఎతాంగ్ రేవు దగ్గర కారాపి క్లినిక్‌కి ఫోన్ చేసింది. గ్లెండాయే ఎత్తింది.

"జలుబు తగ్గిందా తల్లీ? ఇంత పొడుగు జలుబు నా సర్వీసులో చూళ్ళేదు."

"నాకు జలుబు లేదు గ్లెండా. అప్పుడూ లేదు."

"తెలుసులే. ఈ మధ్య నా పేషెంట్లందరికీ మందు రోజునే జలుబు చేస్తోంది. ఎలా ఉన్నావు, నిజం చెప్పు."

ఓడెట్ చెప్పింది. ఏదీ దాచలేదు, ఆ రోజు పొద్దుట జరిగింది కూడా. గ్లెండా తిట్టలేదు. ఊపిరి గట్టిగా వదలడం మాత్రం వినపడింది.

"చూడు, ఈ మందు మానేస్తే వైరస్‌కి దూరంగా ఉంటాననుకున్నావు. పేగు ఇలాగే మండుతూ పోతే మేమేం చెయ్యాలి? స్టెరాయిడ్లు ఎక్కువ మోతాదులో మింగించాలి. ఆసుపత్రిలో పడుకోబెట్టాలి. ఇప్పటిదాకా డాక్టర్లకి తెలిసినంతలో వాళ్ళకి భయం ఆ స్టెరాయిడ్లంటేనే, నీ మందంటే కాదు. జబ్బు అణిగి ఉన్న మనిషికే ఏ వైరస్ వచ్చినా తట్టుకునే ఓపిక ఉంటుంది. ఇది నాకు ముందే ఫోన్ చేసి అడిగుండొచ్చుగా?"

"అడిగితే రమ్మంటావని భయమేసింది."

"అంటాను. రా. కారులోనే కూచో, నేను ఫోన్ చేశాకే లోపలికి రా. కుర్చీకీ కుర్చీకీ మధ్య పశువుల లారీ తిప్పొచ్చు ఇప్పుడు, అంత ఎడం పెట్టాం."

రెమీకి చెప్పడం ఇంకా కష్టమైంది. వంటింట్లో నిలబడి అంతా విన్నాడు.

"నాతో అబద్ధం చెప్పావు."

"చెప్పాను."

"నాతో!"

రెమీ వెనక షెడ్డులోకి వెళ్ళిపోయాడు. అక్కడ ఏదో బాదుతున్న చప్పుడు చాలాసేపు వినపడింది. కోపం బోనుల మీద తీర్చుకుంటున్నాడనుకుంది ఓడెట్. వెళ్ళి చూస్తే, ఎండాకాలం సరదాగా తిరగడానికి కొన్న లోపల పడుకునే వీలున్న పాత క్యాంపర్ బండిని పెరట్లోకి లాగి, దాని పొయ్యి బిగిస్తున్నాడు.

"పడవలో ముగ్గురం భుజాలు రాసుకుని పనిచేస్తాం," అన్నాడు తలెత్తకుండా. "ఎవడు ఏం అంటించుకొస్తాడో తెలీదు. లాబ్‌స్టర్ల కాలం అయ్యేదాకా నేనిందులో పడుకుంటాను. నువ్వు మందు ఎక్కించుకో. మళ్ళీ మానేశావంటే మాత్రం ఈ బండేసుకుని వెళ్ళిపోతా."

"దానికి ఇంజనుందా?"

"లేదు. అందుకే మానకు."

ఆ వేసవి ముందర ఇద్దరూ వంటింటి కిటికీకి అటొకరూ ఇటొకరూ కూచుని భోంచేశారు. ఓడెట్ కోడి పులుసు గిన్నె కిటికీ గట్టు మీద పెట్టి తలుపు వేసేస్తే, రెమీ వచ్చి తీసుకునేవాడు. "పెళ్ళికి ముందు మీ నాన్న కూడా నన్నింత దూరంలో కూచోబెట్టలేదు," అని అద్దంలోంచి అరిచేవాడు.

మందు వెంటనే పనిచెయ్యలేదు. మధ్యలో ఒకసారి ఎక్కించడం తప్పింది కాబట్టి మళ్ళీ మొదలుపెడితే పట్టు దొరుకుతుందో లేదోనని గ్లెండాకీ బెంగగానే ఉంది. డాక్టరు ఫోన్లోనే మాట్లాడి, పేగు వరకే పనిచేసే మాత్రలు కొన్ని తోడిచ్చి, ఓడెట్ చేత సెలవు పెట్టించాడు. రెండు వారాలు చాలా అధ్వాన్నంగా గడిచాయి. సోఫా నుంచి మరుగుదొడ్డికి, మరుగుదొడ్డి నుంచి సోఫాకి. ఆ తరవాత ఒకరోజు మధ్యాహ్నం నిద్రపోయి లేచి, నిద్ర మధ్యలో లేవలేదని గమనించింది. మామూలు కన్నా ముందే రెండోసారి మందు ఎక్కించాక రక్తం ఆగింది. ఒంట్లో కాస్త కండ పట్టింది.

జూన్ నెలలో మళ్ళీ పనిలో చేరిన మొదటి రోజే ఓడెట్‌కి ఒళ్ళు మండింది.

థాడే సందులో పాత దొడ్డి పసుపురంగు వేసుకుని మెరిసిపోతోంది. లోపల కొత్త చెక్కపీట, బయట కుళాయి బిగించిన నీళ్ళ పీపా, సబ్బు. అది చూసి సంతోషించబోయింది. తిరిగొస్తుంటే పక్క పల్లె కాప్ లె మువాన్‌లో మరో ఇంటి పెరట్లోనూ అలాగే ఒకటి తయారై ఉంది. ఆ ఇంటావిడ చెయ్యూపి, "నీకెప్పుడు కావలిస్తే అప్పుడు ఓడెట్!" అని కేకేసింది. అంటే ఊరంతా తెలిసిపోయిందన్నమాట. ఓడెట్ కారు వెనక్కి తిప్పింది.

"ఊరందరికీ చెప్పేశారా బాబాయ్? నేను మిమ్మల్ని నమ్మాను."

"ఏం చెప్పాను?"

"నా జబ్బు సంగతి!"

ముసలాయనకి నిజంగా కోపమొచ్చింది. "నీ జబ్బు నాకెందుకే? నేను చెప్పిందొకటే. టపా మనిషికి రోజంతా రోడ్డు మీద పని, సర్కారు అన్నిటికీ తాళాలేసింది, ఆవిడెక్కడికి పోతుందిరా అన్నాను. ఆయిల్ లారీవాడు, కరెంటు స్తంభాలవాళ్ళు, అందరూ నా దొడ్డికే వస్తున్నారు. నిన్న ఒకడు పేపరు కూడా అడిగాడు చదువుకోడానికి. నీ ఒక్కదానికే పేగులున్నాయనుకున్నావా?"

ఓడెట్ ఆయన పేపరు తనే మెట్ల దాకా తెచ్చి, తిన్నగా పెట్టి వెళ్ళింది.

మర్నాడు స్టెల్లా కొట్టు కిటికీ దగ్గర టపా ఇస్తుంటే, స్టెల్లా కట్ట అందుకుని వదల్లేదు.

"ఆగు. నీ టీ సంగతి మాట్లాడాలి."

"ఏం టీ?"

"నాకెవరూ చెప్పలేదు, నేనే లెక్క కట్టాను. మా అమ్మాయి మిరేయ్ మొహం రోజూ చూస్తుంటే నీ మొహం గుర్తొచ్చింది. ఏప్రిల్లో నీకున్న మొహం." స్టెల్లా గొంతు తగ్గించింది. "దానికీ ఇదే జబ్బని చలికాలంలో తేలింది. కాలేజీ మూసేశాక ఇంటికొచ్చింది. గదిలోంచి రాదు. మందు ఎక్కించుకోమంటే వైరస్ అంటుంది. నేను తల్లిని, నా మాట వింటే దాని పరువు పోతుంది. నువ్వొకసారి మాట్లాడతావా?"

ఓడెట్‌కి పారిపోవాలనిపించింది. తన సంగతి ఇరవై ఏళ్ళలో రెమీ కాక బయట ఒక్క ముసలాయనకే చెప్పింది, అదీ ఇష్టపడి కాదు. అయినా, "పని అయ్యాక వస్తా," అంది.

కొట్టు వెనక బల్లకి ఒక చివర మిరేయ్ కూచుంది, రెండో చివర ఓడెట్. పంతొమ్మిదేళ్ళ పిల్ల. స్వెట్టరు చేతులు వేళ్ళ మీదికి లాక్కుని కూచుంది.

"ధైర్యం చెప్పడానికొచ్చారా?" అంది, పుల్లవిరుపుగా.

"కాదు. మందు మానేసి నేనేం తెచ్చుకున్నానో చెబుదామని వచ్చా."

థాడే పెరడూ, తాళ్ళూ, బుడగలూ, డెలిమా ప్యాంటూ అన్నీ చెప్పింది. మొదట మిరేయ్ నేల చూపులు చూసింది. ప్యాంటుకి తాడు కట్టుకునే చోట పెదవి కదిలింది. పుంజు దగ్గరికొచ్చేసరికి పకపకా నవ్వేసింది.

"నాకు పరీక్ష హాల్లో వచ్చింది," అంది ఉన్నట్టుండి. "బయటికెళ్తానని చెయ్యెత్తితే ప్రొఫెసరు దించమన్నాడు. నేను దించలేదు, లేచి పరిగెత్తాను. అందరూ కాపీ కొట్టి దొరికిపోయాననుకున్నారు. అనుకోనిచ్చాను."

"మంచి పని చేశావు. కాపీ అంటే కాస్త మర్యాదగా ఉంటుంది."

మళ్ళీ నవ్వింది. నవ్వి, కళ్ళు తుడుచుకుంది.

"ఇరవై ఏళ్ళు ఎవరికీ తెలీకుండా ఎలా దాచారు?"

"చాలా కష్టపడి. అంత కష్టం నువ్వు పడకు, దండగ."

"మందు ఎక్కించుకుంటే వైరస్ వస్తే?"

"రావచ్చు. మానేసినా రావచ్చు. మా గ్లెండా ఫోన్ నంబరిస్తాను, నాకన్నా దానికి బాగా తెలుసు. నోరు పెద్దది గాని మనిషి మంచిది."

వారం తిరిగాక, రెండు కార్లు ఒకదాని వెనక ఒకటి ఇన్వర్నెస్ వెళ్ళాయి. ఒక కారులో ఇద్దరూ కూచోకూడదు కదా. క్లినిక్ బయట పక్కపక్కన ఆపుకుని, అద్దాలు దించుకుని మాట్లాడుకున్నారు. ముందు మిరేయ్‌కి ఫోనొచ్చింది. పిల్ల మాస్కు సర్దుకుని, తలుపు దాకా వెళ్ళి వెనక్కి చూసింది. ఓడెట్ వెళ్ళు వెళ్ళమని చెయ్యి ఊపింది.

ఆ పైన అంతా సాఫీగా సాగిందని కాదు. మిరేయ్‌కి మొదటి మందు సరిపడక వేరేది మార్చాల్సొచ్చింది. చదువు ఆ ఏడంతా ఇంటినుంచే సాగించింది. థాడే వైరస్ చేతికి చిక్కలేదు గాని, మెట్టు మీద జారి తుంటి విరగ్గొట్టుకుని, బాగయ్యేదాకా డాక్టర్లందరితోనూ తగువులాడాడు. ఓడెట్‌కి మరుసటి వసంతంలో టీకా పడింది. ఆ తరవాతెప్పుడో వైరస్ కూడా వచ్చింది. నాలుగు రోజులు జ్వరపడి లేచి, ఇంత దానికా అన్ని నెలలు హడలిపోయానని నవ్వుకుంది. వెంటనే, చనిపోయినవాళ్ళు గుర్తొచ్చి నవ్వు ఆపుకుంది.

బంకూ చర్చి హాలూ తెరిచాక కూడా ఆ పెరటి దొడ్లు తియ్యలేదు. లారీవాళ్ళకి అలవాటైపోయింది. ఇప్పుడు ఓడెట్ స్టెల్లా కొట్లోకి పరుగున వెళ్ళాల్సొస్తే టీ మాట ఎత్తదు. "క్రోన్స్!" అని ఒక్క కేకేస్తుంది. వరసలో ఉన్నవాళ్ళందరూ దారిస్తారు.